జానెడు పదును

నల్లప్పకు ఊరికే కూర్చోవడం రాదు. పెళ్ళిపీటల మీద నుంచి కూడా ఏదో వంకతో లేచి, పందిట్లో దీపాలు సరిగ్గా వెలుగుతున్నాయో లేదో చూసి వచ్చాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అలాంటి మనిషిని, ఆరుద్ర కార్తెలో తొలివాన పడిన మరునాడు, ఊరంతా విత్తడానికి బయలుదేరుతుంటే ఇంటిపట్టున ఉండమన్నారు. ఉండమన్నది పెళ్ళాం. ఉంటానని చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నది తనే. అయితే ఒప్పుకున్న రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు.

తొలివాన అన్నామే గానీ అదేమంత వాన కాదు. సాయంత్రం పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చి, పెంకుల మీద కాసేపు చప్పుడు చేసి, వాసన లేపి, గాలికి కొట్టుకుపోయింది. కంబదూరు చుట్టుపక్కల ఆ నెలల్లో గాలిదే రాజ్యం. గుట్టల మీద గాలిమరలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. మబ్బును తెచ్చేదీ ఆ గాలే, కురవకముందే తోసుకుపోయేదీ ఆ గాలే, కురిసిన తడిని నాలుగు రోజుల్లో పీల్చేసేదీ అదే.

తెల్లవారీ వారకముందే నల్లప్ప రోడ్డు పక్కనున్న తన చేలోకి వెళ్ళి వేళ్ళతో మట్టి తవ్వి చూశాడు. పైన తడిగా, చల్లగా, కమ్మగా ఉంది. బెత్తెడు లోతు దిగేసరికి ఎర్రటి పొడి దుమ్ము. విత్తడానికి కావలసిన పదును, అంటే నేల తడి, జానెడు. ఇంకోచోట తవ్వాడు. అక్కడా బెత్తెడే. గట్టు వార, వేపచెట్టు కింద, పల్లపు మూల, ఎక్కడ తవ్వినా నేల ఒక్కటే మాట చెప్పింది. ఎండెక్కేసరికి ఆ చేను పందికొక్కులు దూరి పోయినట్టు తయారైంది.

అప్పుడే రోడ్డు మీద ట్రాక్టరు ఆగింది. వెనక విత్తనాలు వేసే గొర్రు బిగించి ఉంది. ట్రాక్టరు ఓబుళేసుది. తొలకరిలో ఆ ఊరికి అతనే పెళ్ళికొడుకు, అందరూ అతని కోసమే ఎదురుచూస్తారు.

"ఏమన్నా, పొద్దున్నే పాతర్లు తవ్వుతాండావు. గొర్రు తోలేదా? మద్యాన్నానికి ఈ పక్కకు వస్తా."

"బెత్తెడే ఉండాది పదును," అన్నాడు నల్లప్ప.

"అందరికీ అంతే. రేపో మన్నాడో ఇంకో వాన పడకుండా పోతాదా? బయ్యన్న చేను అయిపోవచ్చింది. చెప్పు మల్ల, నాకు ఆడ తిమ్మప్పోళ్ళు కాసుకోనుండారు."

నల్లప్ప అటు చూశాడు. పక్క చేలో బయ్యన్న కొత్త సాళ్ళ మధ్య నడుస్తున్నాడు. ఎర్రనేల మీద సాళ్ళు నీటుగా, దువ్విన తల మాదిరి ఉన్నాయి. నల్లప్ప అరికాళ్ళలో ఏదో మొదలైంది. అది పిక్కల్లోకి పాకింది.

"మద్యాన్నానికి రా," అన్నాడు. అన్నాక గాని తనేమన్నాడో తెలియలేదు.

ఆ మాటతో అతను తప్పినదేమిటో తెలియాలంటే, గోడమీది చార్టు సంగతి చెప్పాలి.

ఎండాకాలంలో మహిళా సంఘం వాళ్ళు కొందరు ఆడవాళ్ళను కళ్యాణదుర్గంలో శిక్షణకు పంపారు. బతుక్కీ వ్యాపారానికీ లక్ష్యం పెట్టుకోవడం ఎలా, దానికి మెట్టు మెట్టుగా ప్లాను వేసుకోవడం ఎలా అని ఒక మేడం చెప్పింది. ఆఖరున అందరికీ తలా ఒక చార్టు ఇచ్చి, పైన లక్ష్యం రాయమంది. ఒకామె ఉగ్గాని హోటలు అని రాసింది, ఒకామె కుట్టుమిషను అని రాసింది. నల్లప్ప భార్య ఈశ్వరి మాత్రం పెద్ద అక్షరాలతో 'ఈ ఏడు మా ఆయన బెంగుళూరికి పోకూడదు' అని రాసింది. ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. మేడం కూడా నవ్వు ఆపుకుని, ఇది కోరికమ్మా, లక్ష్యం కాదు, లక్ష్యానికి గడువుండాలి అంది.

"రాసినా కదా మేడం, ఈ ఏడని," అంది ఈశ్వరి.

ఆ కింద ఆమె రాసిన మెట్లు కూడా సూటిగానే ఉన్నాయి. వరుసగా రెండేళ్ళు నల్లప్ప తొలిజల్లుకే వేరుశనగ విత్తాడు. రెండేళ్ళూ మొలక వచ్చింది, వచ్చి మాడిపోయింది. మళ్ళీ విత్తుదామంటే ఇంట్లో గింజ లేదు. రెండేళ్ళూ అతను సంచి సర్దుకుని బెంగుళూరు బస్సెక్కి, ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో ఎండాకాలం ముగిసేదాకా ఉండిపోయాడు. ఈశ్వరి ఒక్కతే వండుకుని, ఒక్కతే తిని, ఒక్కోరోజు ఒక్కదానికి వండుకోవడమెందుకని మానేసింది. అందుకని ఈ ఏడు పదును జానెడు దిగందే గొర్రు కట్టకూడదు. పుష్యమి కార్తెలోనూ దిగకపోతే వేరుశనగ మాట మరిచి కొర్రలు, ఉలవలు చల్లుకోవాలి. రెండు గొర్రెలను నాలుగు చేసుకోవాలి. విత్తనం ఒక్కటి చేతిలో ఉంటే మనిషి ఇంట్లో ఉంటాడని ఆమె లెక్క.

జూన్ మొదట్లో ఇంటికొచ్చిన నల్లప్ప ఆ చార్టు చదివి సిగ్గుపడ్డాడు. లోలోపల పొంగిపోయాడు కూడా. చేతిలో చెయ్యి వేసింది ఆ పొంగులోనే.

ఇప్పుడు ఇంటికొచ్చేసరికి ఈశ్వరి లేదు, ఉపాధి పనికి పోయింది. అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు. దొంగలా లోపలి గదిలోకి వెళ్ళి, మూలన గొంగడి కప్పి ఉన్న, ఎండాకాలంలో సబ్సిడీకి తెచ్చిన విత్తనాల మూటల మీద చెయ్యి వేశాడు. గలగలమన్నాయి. మూతి విప్పి చూస్తే అన్నీ కాయలే. ఒక్క మూటలోనూ ఒలిచిన గింజల్లేవు.

వేరుశనగ విత్తాలంటే కాయ ఒలిచి గింజ తీయాలి. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఎండాకాలం అరుగుల మీద చేరి, కబుర్లు చెప్పుకుంటూ చేత్తో ఒలిచి సిద్ధంగా పెట్టుకుంటారు. సంఘం మిషను ఉంది గానీ దాంట్లో వేస్తే గింజ పగులుతుంది, పైన ఎర్రపొర చిట్లుతుంది. అది నూనెకు పనికొస్తుంది, నేలకు పనికిరాదు. అందరిళ్ళలోనూ ఒలిచిన విత్తనం ఉంది. తన ఇంట్లో మాత్రం గలగలలాడే కాయలు.

నల్లప్ప ఓబుళేసుకు ఫోను చేసి రేపు రమ్మన్నాడు. ఒక మూట నడవలోకి లాగి, గోడకు ఆనుకుని, కాయలు ఒలవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఈశ్వరి వచ్చేసరికి అతని చుట్టూ పొట్టు గుట్టగా ఉంది, చేటలో గింజలు చేరెడు కంటే కాస్త ఎక్కువ ఉన్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎందుకొలవలా?" అనడిగాడు.

"పని కుదర్లేదు," అని లోపలికి పోయింది.

రెండో రోజు ఇల్లు చీకటిగా ఉందని అరుగు మీదికి మారాడు. అంతకంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. దారినపోయే ప్రతివాడూ ఆగాడు. తన చేను ముగించుకుని, మీసం దువ్వుకుంటూ బయ్యన్న కూడా వచ్చాడు.

"ఏమప్పా నల్లప్పా, ఆడోళ్ళ పని ఎప్పుడు నేర్చినావు? బెంగుళూరులోనా?"

"పోన్నా, పనుంటే చూసుకో పో."

"నా పని అయిపాయ. ఇంగ వాన పని." బయ్యన్న చేట్లోంచి రెండు గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు. "నువ్వు ఒలిచేతలికి కార్తె మారిపోతాది చూడు."

నల్లప్ప తల వంచుకుని ఇంకా వేగంగా ఒలిచాడు. బొటనవేళ్ళ తోలు లేచిపోయింది. గుడ్డపేలిక చుట్టుకుని ఒలిచాడు. గాలి వచ్చి పొట్టంతా వీధిలోకి ఎత్తుకుపోతోంది. ఆ గాలి చేలో ఏం చేస్తోందో అతనికి తెలుసు. లేచి వెళ్ళి చూడాలనిపిస్తుంది, చూసి వస్తే ఒలిచే పొద్దు పోతుందనిపిస్తుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముళ్ళ మీద కదిలినట్టు కదిలాడు. ఓబుళేసు ఫోను చేసి, తను పక్క ఊరికి పోతున్నానని, వచ్చేది ఎప్పుడో చెప్పలేనని అన్నాడు.

మూట సగానికి వచ్చేసరికి పదును పోయింది. చేలోకి వెళ్ళి తవ్వితే వేలు దిగలేదు.

ఇంటికొచ్చాడు. ఈశ్వరి పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. నల్లప్ప గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. దారి పొడుగునా ఒక్కటే విషయం అతని బుర్ర తొలుస్తూ వచ్చింది.

"మే, నిజం చెప్పు. ఎండాకాలమంతా ఈడనే ఉంటివి. ఊర్లో అందరూ ఒలిచిరి. నువ్వెందుకు ఒలవలా?"

"చెప్తి కదా, పని కుదర్లేదని."

"అబద్ధం."

తెడ్డు ఆగింది.

"అబద్ధమే," అంది ఈశ్వరి వెనక్కి తిరగకుండా. "కావాలనే ఒలవలా. ఒలిచి పెట్టింటే నువ్వు ఒక్క పూటన్నా ఆగుతావా? తొలిజల్లుకే గొర్రు కట్టిస్తావు. అందుకే కాయలు అట్లనే పెట్టినా. చార్టులో రాయలా అది."

"నీకు చెయ్యేసి మాటిచ్చినా కదా."

"ఇచ్చినావు. మొన్న పొద్దున్నే ఓబుళేసుకు ఏం చెప్పినావు?"

నల్లప్ప, ఊళ్ళో మాట దాగదని తెలిసీ దాగుతుందనుకున్నాడు.

"అంటే నువ్వు ప్లాను వేసింది వానకు కాదు," అన్నాడు. "నాకేసినావు."

"అవును." ఇప్పుడు ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగకో దేనికో. "వానను చూస్తే నాకు బయం లేదు. వస్తే వస్తాది, లేకుంటే లేదు. నిన్ను చూస్తేనే బయం."

"ఒక మాట నాతో చెప్పింటే?"

"చెప్పింటే ఆ పొద్దే ఒలిచేకి కూకుంటాంటివి."

అది నిజం. నిజం కాబట్టే పుండు మీద కారం చల్లినట్టయింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఆడది తనను గాలివానతో, కరువుతో, పురుగుతో జమకట్టి, ఇల్లు కాపాడుకోవాల్సిన ఆపదల్లో ఒకటిగా లెక్క వేసింది. నల్లప్ప లోపలికి పోయి రెండు చొక్కాలు, ఒక లుంగీ సంచిలో కుక్కుకుని బయటికి నడిచాడు. ఈశ్వరి పిలవలేదు. పిలిస్తే ఆగేవాడేమో, ఆమెకూ తెలియదు, అతనికీ తెలియదు.

రోడ్డు మీద ఎండ ఇంకా గట్టిగానే ఉంది. బెంగుళూరు బస్సు వచ్చి ఆగింది. నల్లప్ప మెట్టు మీద కాలు పెట్టాడు. పెట్టగానే ఆ గేటు, గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ కళ్ళ ముందుకొచ్చాయి. ఆ కుర్చీలో అతను చేసిన పనేమిటి? కూర్చోవడం. కార్లు వస్తే లేవడం, పోతే కూర్చోవడం. ఎవరిదో గేటు ముందు నెలల తరబడి కుదురుగా కూర్చున్నాడు. జీతమిస్తారని కూర్చున్నాడు, కాదనలేక కూర్చున్నాడు. తన ఇంట్లో, తన పెళ్ళాం బతిమాలి కూర్చోమంటే నాలుగు రోజులు కూర్చోలేకపోయాడు.

"ఎక్కుతావా లేదాప్పా?" అన్నాడు కండక్టరు.

"లేదు, నువ్వు పో."

బస్సు లేపిన దుమ్ములో కాసేపు అలాగే నిలబడ్డాడు. సిగ్గుగా ఉంది, కోపం పోలేదు, ఆకలి కూడా వేస్తోంది. మూడూ మోసుకుని ఇంటికి నడిచాడు.

ఈశ్వరి అరుగు మీద అతను వదిలేసిన చేట ముందు కూర్చుని ఉంది. సంచిని చూసింది, మొహంలోకి చూడలేదు.

"నేనూ తప్పు చేసినాలే," అంది. "ఇంతింత ప్లాను రాసినా గాని, నీ చేతులకు పని రాయలా. మనిషిని ఊరికే కూకోమంటే ఎట్లయితాది?"

నల్లప్ప ఎదురుగా చతికిలబడి గుప్పెడు కాయలు అందుకున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి ఒలిచారు. వాన రాకపోతే గింజలు గానుగకు వేద్దాం, వస్తే ఓబుళేసును పిలుద్దాం అనుకున్నారు. ఓబుళేసును పిలిచే ముందు ఇద్దరూ కలిసి చేలో తవ్వి చూడాలని కూడా అనుకున్నారు.

అయినా ఆ రోజులు తేలిగ్గా గడవలేదు. ఊరి చేలన్నీ మొలకెత్తాయి. రోడ్డు వెంట ఎటు చూసినా పచ్చటి గీతలు, వాటి నడుమ తన చేను ఒక్కటే బోడిగా, ఎర్రగా. నల్లప్ప అటు పోవడం మానేశాడు. ఇంట్లో ఉన్నా కళ్ళ ముందు ఆ పచ్చదనమే. ఈశ్వరి మీద కసిరాడు, గొర్రెల మీద కసిరాడు, సెల్లులో వాన కబురు చూసి సెల్లును మంచం మీదికి విసిరాడు. ఇంకో వాన పడుంటే ఊరంతా బాగుపడేది, తనొక్కడే వెర్రివాడయ్యేవాడు. వాన పడకూడదని ఒక పూట తను మనసులో కోరుకున్నట్టు తెలిసి, తన మీద తనకే రోత పుట్టింది.

వాన పడలేదు. గాలి మాత్రం విడవకుండా వీచింది. పచ్చటి గీతలు ముందు వాడాయి, ఆకులు ముడుచుకున్నాయి, తర్వాత గోధుమరంగుకు తిరిగి నేలలో కలిసిపోయాయి. ఒక ఉదయం బయ్యన్న భుజాన సంచితో అరుగు ముందు నుంచి పోతూ ఆగాడు. మీసం దువ్వుకోలేదు.

"పోతాండా," అన్నాడు. "మావోడు యాడో పని చూపిస్తా అన్న్యాడు. నువ్వుండిన చోటనే, ఆ పక్కనే."

"ఇంకొన్నాళ్ళు ఆగన్నా. పునర్వసు కార్తె ఇంగా పోలేదు."

"ఆగి ఏం ఇత్తేది? గింజ లేదు ఇంట్లో." బయ్యన్న చేటలోకి చూశాడు, ఈసారి చెయ్యి పెట్టలేదు. "నువ్వన్నా ఇంట్లో ఉండప్పా."

నల్లప్పకు సంతోషం కలగలేదు. రెండేళ్ళు తను నడిచిన నడక అది, సంచి కూడా అలాంటిదే. ఈశ్వరి లోపలికి వెళ్ళి బయ్యన్న దారిలో తినడానికి రెండు రొట్టెలు కట్టి ఇచ్చింది.

పునర్వసు ఆఖరులో వాన వచ్చింది. వచ్చిన వాన చప్పుడు చేసి పోయేది కాదు. తూముల్లో నీళ్ళు పారాయి, వీధి వాగయింది, గొర్రెలు గోడకు అతుక్కుని నిలబడ్డాయి. తెల్లవారి వెలిసింది. ఈశ్వరి జుట్టు కూడా ముడి వేసుకోకుండా చేనికి పరుగెత్తింది. నల్లప్ప వెనకే వచ్చాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తవ్వి చెయ్యి దించింది. జానెడు దాటి ఇంకా లోతుకు తడి.

"ఓబుళేసుకు ఫోన్ చెయ్," అంది.

నల్లప్ప పిడికెడు మట్టి తీసి నొక్కాడు. అది అరచేతికి అతుక్కుంది, ఎంత దులిపినా రాలలేదు.

"ఈ పొద్దు వద్దు. నీళ్ళు ఇంకల్ల. ఇప్పుడు తోలితే గొర్రు బురదతో పూడుకుంటాది, గింజ బంకలో పడి కుళ్ళిపోతాది. రేపు తెల్లార్తో పోదాం."

"రేపా? గాలి చూడు ఎట్ల వీస్తాండాదో. ఆరిపోతే?"

"ఇంత లోతు దిగింది ఒక్క దినానికి యాడికీ పోదు."

ఇంటికొచ్చి అతను అరుగు మీద కూర్చుని మిగిలిన కాయలు ఒలవసాగాడు. ఈశ్వరి కూర్చోలేకపోయింది. వీధి చివరిదాకా పోయి వచ్చింది. చేట తీసుకుంది, పెట్టేసింది. గొర్రెలకు నీళ్ళు పెట్టి, పెట్టిన సంగతి మరిచి మళ్ళీ పెట్టింది. ఎక్కడో ట్రాక్టరు చప్పుడైతే రోడ్డు మీదికి పరుగెత్తింది.

"తిమ్మప్పోళ్ళు మల్లా ఇత్తనం తెచ్చుకుని తోలిస్తాండారంట."

"తోలనీ."

"ఓబుళేసు వాళ్ళకాడే ఉండిపోతే?"

"వస్తానన్న్యాడు. మాట్లాడినా."

ఆమె వచ్చి అతని ఎదురుగా నిలబడింది. చీరకొంగు వేలికి చుట్టి విప్పి, మళ్ళీ చుట్టింది.

"ఏమయ్యా, కూకుంటే లేయాలనిపిస్తాది, లేస్తే యాడికో పోవాలనిపిస్తాది. ఎంత చెప్పినా కాళ్ళు ఇనవు."

నల్లప్ప చేతిలో కాయ ఆపి తలెత్తాడు. ఈశ్వరి అతన్నే చూస్తోంది. ఆమె మొహంలో ఏదో నెమ్మదిగా అర్థమవుతోంది.

"ఇదేనా నీకుండేది?"

"ఇదే."

"ఇన్ని దినాలూనా?"

"ఇన్ని దినాలూ."

ఈశ్వరి అరుగు మీద కూలబడింది. "నేను మొండితనమనుకుంటి," అంది, గుడ్డపేలికలు చుట్టిన అతని బొటనవేళ్ళను చూస్తూ. నల్లప్ప కొన్ని కాయలు ఆమె ఒడిలో పోశాడు. ఆమె ఒకటి ఒలిచింది, రెండోది చేతిలో పట్టుకుని ఆకాశం వైపు చూసింది.

"తెల్లారేకి ఇంగా ఎంతసేపుండాది?"

నల్లప్ప ఎండను చూశాడు. నీడ ఇంకా అరుగు కూడా దిగలేదు.

"ఇంగా మద్యాన్నమే మే," అన్నాడు.